చోక్ తియ్యండి

ఆ కారుని చూడగానే నాకు నవ్వొచ్చింది. దాని వెనక నిలబడ్డ మనిషిని చూడగానే ఒళ్ళు మండింది. రెంటికీ మధ్య పట్టుమని నిమిషం లేదు.

కారు ఆ మనిషి వాళ్ళ తాతగారిది. గుడ్లగూబ కళ్ళలాంటి దీపాలు, గొడుగు బట్టలాంటి టాపు, తలుపులు తెరిస్తే ఆవలింత చప్పుడు. తాళం తిప్పితే స్టార్ట్ అయ్యే రకం కాదు. ముందుకెళ్ళి, నడుం వంచి, ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పాలి. ఇంజన్ బాగుచేయమని పిలిస్తే పెద్దనాన్నా నేనూ వెళ్ళాం. ఇలాంటి బండిని ఇంకా ఉంచుకున్నవాళ్ళకి పనైనా లేదు, బుద్ధైనా లేదు అని నేను పెద్దనాన్న చెవిలో అన్నాను. నేను గుసగుసలాడితే పక్క వీధికి వినిపిస్తుంది.

"పనుంది," అంది కారు వెనకనుంచి ఒక గొంతు. "బుద్ధి సంగతంటారా, మిమ్మల్ని పిలిచాక నాకూ అనుమానంగానే ఉంది."

తెల్లకోటు, మెడలో వేలాడుతున్న మాస్కు. పళ్ళ డాక్టరు. ఇంటి ముందు గదిలో క్లినిక్, వెనక గరాజ్. రోజంతా జనం నోళ్ళు తెరిపించి లోపల తప్పులు వెతకడం ఆవిడ వృత్తి. నన్ను కూడా అలాగే చూసింది, పుచ్చిపోయిన పన్నుని చూసినట్టు.

పెద్దనాన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఈ ఇంజన్ నువ్వే చెయ్యి, నేను వేలు పెట్టను అన్నాడు. నా చేతిలో మొత్తంగా పెట్టిన మొదటి ఇంజన్ అది. పాడుచేస్తే ఇక జన్మంతా పంచర్లే వేసుకోమన్నాడు. మా పెద్దనాన్న ఆశీర్వాదాలన్నీ అలాగే ఉంటాయి.

ఇంజన్ దింపి మా మెకానిక్ షెడ్డుకి తెచ్చుకున్నాను. రింగులు మార్చాను, బేరింగులు మార్చాను, వాల్వులు నూరాను. చెక్క స్టాండ్ మీద పెట్టి తిప్పితే సింహంలా గర్జించింది. పెద్దనాన్న "ఊఁ" అన్నాడు. ఆయన నోట అంతకన్నా మెప్పు ఎవరూ విని ఎరగరు. బుధవారం తీసుకెళ్ళి కారులో బిగించాను.

అక్కడ మొదలైంది నా పరువు తక్కువ.

స్టార్ట్ చేయడానికి ఇద్దరు కావాలి. ఒకరు ముందు హ్యాండిల్ తిప్పాలి, ఒకరు సీట్లో కూర్చుని చోక్, యాక్సిలరేటర్ చూసుకోవాలి. చోక్ అంటే పెద్ద విషయం కాదు. చల్లటి ఇంజన్‌కి గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ అందించాలి. ఆ పని చేసే బుడిపె ఒకటి స్టీరింగ్ పక్కన ఉంటుంది. మా షెడ్డు నుంచి ఎవరినైనా తెచ్చుకుంటానంటే పళ్ళ డాక్టరు ఒప్పుకోలేదు. తాతయ్య సీట్లో బయటివాళ్ళు కూర్చోరట. తనే కూర్చుంటానంది. సింహాసనమా అని అడిగాను. మీకు అర్థమైతే చాలు అంది.

గరాజ్ మూలన పేము కుర్చీలో తాతగారు కూర్చుని ఉన్నారు. ఆయనకి చెవులు పూర్తిగా పోయాయి. పిడుగు పడినా పక్కకి తిరగరు. చేతికర్ర మీద గడ్డం ఆనించి మమ్మల్నే చూస్తున్నారు.

"చోక్ తియ్యండి," అన్నాను బానెట్ ముందునుంచి.

"తీశాను."

తిప్పాను. ఉలకదు, పలకదు. మళ్ళీ తిప్పాను. భుజం ఊడొచ్చేదాకా తిప్పాను. స్పార్క్ ప్లగ్గులు విప్పి చూస్తే ఎండుకొమ్మల్లా పొడిగా ఉన్నాయి. అంటే పెట్రోలు అందడం లేదు. సరే, ప్లగ్గుల బొక్కల్లో నేనే నాలుగు చుక్కలు పోసి బిగించాను. ఇక చోక్ అక్కర్లేదు.

"మూయండి," అన్నాను.

తల ఎత్తి చూస్తే కళ్ళతోనే కాల్చేస్తోంది.

"ఏం మూయాలి?"

"చోక్."

"అలా పూర్తిగా చెప్పండి స్పానరుగారూ. ఉత్తినే మూయండి అంటే, ఆ మాట నేను కూడా చాలాసార్లు అనాలనుకుని ఊరుకున్నాను."

స్పానరుగారట. ఆ పేరు అక్కడే పుట్టింది. మూశానంది. తిప్పాను. ఈసారి ప్లగ్గులు పెట్రోల్లో మునిగి తేలాయి. పొడిగా ఉండకూడనప్పుడు పొడి, తడిగా ఉండకూడనప్పుడు తడి. ఎడ్డెమంటే తెడ్డెమనే ఇంజన్‌ని నా సర్వీసులో చూడలేదు. నా సర్వీసు ఏపాటిదని మీరు అడగొద్దు, ఆవిడ అప్పటికే అడిగేసింది.

రిపేరుకి ముందు ఒక్క తిప్పుకి స్టార్ట్ అయ్యేదని, పొగ ఒక్కటే ఎక్కువొచ్చేదని, ఇప్పుడు పొగ కూడా రావడం లేదు కాబట్టి నేను సమస్యని మూలంతో సహా పీకేశానని చెప్పింది. పీకడం మీ పని కదా అన్నాను. అవును, అందుకే ఏది పీకాలో ఏది ఉంచాలో తెలుసు అంది.

గురువారం, గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటర్ మొత్తం విప్పాను. జెట్లు శుభ్రం. సూది శుభ్రం. గాలిదారికి అడ్డుపడే చోక్ రేకు చక్కగా ఆడుతోంది. స్పార్క్ నీలంగా, నిక్కచ్చిగా ఉంది. టైమింగ్ గీతకి గీత సరిపోయింది. తప్పులేని ఇంజన్‌ని బాగుచేయడం కంటే నరకం లేదు, ఎక్కడ చెయ్యి పెట్టినా మనదే తప్పని నవ్వుతున్నట్టుంటుంది.

ఆ మధ్యాహ్నం వాన కుండపోతగా కురిసింది. పేషెంట్లు ఎవరూ రాలేదు కాబోలు, ఆవిడ టీ కప్పులతో గరాజ్‌కి వచ్చింది. కాసేపు నా పనికి వంకలు పెట్టింది. తర్వాత లోపలికెళ్ళి పొడుగు కాడకి బిళ్ళంత అద్దం ఉన్న పరికరం తెచ్చిచ్చింది, నోట్లో పెట్టి పళ్ళు చూసేది. దాన్ని ప్లగ్గు బొక్కలో దించి చూడమంది. చూశాను. పిస్టన్ తల మీద నా చేత్తో నేనే నూరిన మెరుపు కనిపించింది. నేనూ చూస్తానంటూ వంగింది, ఇద్దరి తలలూ ఢీకొన్నాయి.

"మీ తలకన్నా బానెట్ మెత్తగా ఉంది," అంది నుదురు రుద్దుకుంటూ. కానీ వెంటనే జరగలేదు. నేనూ జరగలేదు. నాకు ఆవిడ మీద ఇష్టం పుట్టింది అప్పుడే, అంత తిట్టించుకున్నాక పుట్టడం ఏ జాతి సిగ్గులేనితనమో నాకైతే తెలియదు.

ఆదివారం సంగతి కూడా అప్పుడే చెప్పింది. వాళ్ళ నాన్నకి ఈ కారంటే విసుగు. ఏదో హోటల్‌వాళ్ళు అడుగుతున్నారట. ఇంజన్ పీకేసి, బానెట్ కింద మట్టి నింపి, మొక్కలు పెట్టి, తలుపు దగ్గర అలంకారంగా నిలబెడతారట. ఆదివారం పొద్దున వాళ్ళ మేనేజరు వస్తాడు. ఆలోగా కారు స్టార్ట్ అయ్యి వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొస్తే ఇంట్లో ఉంటుంది. లేకపోతే పూలకుండీ.

"పూలకుండీగానైనా పనికొస్తుంది కదా," అన్నాను నా నోటి దురద కొద్దీ.

ఆవిడ తిట్టలేదు. తాతగారి వైపు చూసింది.

"ఆయనకి ఏ చప్పుడూ వినపడదు. నా గొంతు కూడా. ఇంజన్ నడుస్తుంటే మాత్రం బానెట్ మీద అరచెయ్యి పెట్టి వింటాడు. ఆయనకి వినిపించేది ఇంకదొక్కటే."

నేను టీ మొత్తం ఒక్క గుక్కలో మింగేసి నాలుక కాల్చుకున్నాను. ఆ తర్వాత ఆ కారుని ముసలి డొక్కు అనలేదు, కనీసం పైకి.

శుక్రవారం ఆవిడ ఎవరికో పుచ్చుపన్ను తొలిచి నింపడానికి క్లినిక్‌లోకి వెళ్ళింది. తాతగారు కునుకు తీస్తున్నారు. కిటికీలోంచి చెయ్యి పెట్టి చోక్ నేనే లాగి, ముందుకొచ్చి హ్యాండిల్ అర చుట్టు తిప్పానో లేదో, ఢమ్మని అందుకుంది ఇంజన్. పరుగెత్తి, తలుపు తీసి, సీట్లో దూకి యాక్సిలరేటర్ తొక్కేలోపు దగ్గి దగ్గి ఆగిపోయింది. నేనింకా సీట్లోంచి దిగలేదు, గుమ్మంలో తెల్లకోటు ప్రత్యక్షమైంది.

తాతయ్య సీట్లో ఎందుకు కూర్చున్నారంది. స్టార్ట్ అయిందన్నాను. నేను వినలేదంది. మీ డ్రిల్లు మోతలో ఏం వినపడుతుంది అన్నాను. అలాగైతే మళ్ళీ చేసి చూపించమని తను సీట్లో కూర్చుంది. చోక్ తియ్యండన్నాను, తీశానంది, తిప్పాను. చచ్చిన గుర్రం.

"అంటే మీ ఒక్కరితో అయితే స్టార్ట్ అవుతుంది, నాతో అయితే అవదు. తప్పు నాదంటారు?"

"ఇంజన్‌ది మాత్రం కాదు," అన్నాను. పొగరు మాట. ఆవిడ మొహం ఎర్రబడింది. ఆడలేక మద్దెల ఓడందట వెనకటికి ఎవరో అంటూ గేటు చూపించింది. నేనూ స్పానర్లు సంచిలో విసిరేసుకుని వచ్చేశాను.

షెడ్డుకొచ్చి పెద్దనాన్నకి అంతా చెప్పాను. ఒక్కడితో నడిచి ఇద్దరితో నడవకపోతే అది ఇంజన్ జబ్బు కాదురా, సంసారం జబ్బు అని ఆయన మళ్ళీ పనిలో తల దూర్చేశాడు. ఇదీ మా ఇంట్లో దొరికే సలహా.

శనివారం వెళ్ళలేదు. ఆదివారం వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ బానెట్ మీద ఆ ముసలి అరచెయ్యి కళ్ళముందు కనిపిస్తుంటే ఇంట్లో ఉండలేకపోయాను. ఇంకో కారణం కూడా ఉంది, అది నాకే సిగ్గుగా ఉండి ఒప్పుకోలేదు.

నన్ను చూసి ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. నేరుగా వెళ్ళి సీట్లో కూర్చుంది. ఆ మౌనం కంటే తిట్లే నయం. వాళ్ళ నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హోటల్ మేనేజరు టేపు తీసి బానెట్ వెడల్పు కొలుస్తున్నాడు. ఇక్కడ ఎత్తు మొక్కలు, అక్కడ వేలాడే మొక్కలు అని గాల్లో చూపిస్తున్నాడు. ఆ టేపుతోనే అతన్ని చుట్టాలనిపించింది.

"చోక్ తియ్యండి."

"తీశాను."

తిప్పాను. తిప్పుతూనే ఉన్నాను. చెమట కళ్ళలోకి కారింది. వాళ్ళ నాన్న గడియారం చూసుకుని, ఇక చాలు బాబూ, పాపం ఆ ఇనపముక్కనీ నిన్నూ ఎందుకు హింసించడం అన్నాడు. జాలి కూడా తిట్టులాగే ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. సీట్లో ఆవిడ స్టీరింగ్‌ని రెండు చేతులతో పట్టుకుని తల దించుకుంది. ఏడుస్తోందని అర్థమై హ్యాండిల్ వదిలేశాను.

అప్పుడు పేము కుర్చీ కిర్రుమంది. తాతగారు కర్ర పట్టుకుని నెమ్మదిగా కారు దగ్గరికొచ్చారు. కిటికీలోకి వంగారు. చెవులు లేనివాళ్ళ గొంతుకి ఇల్లూ వీధీ తేడా ఉండదు.

"చాలమ్మా. ఆ అబ్బాయి రోజూ మనింటికి రావాలంటే ఇంజన్‌ని ఏడిపించక్కర్లేదు. వాళ్ళ పెద్దనాన్నతో నేను మాట్లాడతాను. ఇవాళ్టికి మాత్రం చోక్ మూయి."

మేనేజరు టేపు గిర్రున చుట్టుకుపోయింది. వాళ్ళ నాన్న కట్టుకున్న చేతులు విప్పేశాడు. తాతగారు పాపం మాటలు వినలేదు, బుధవారం నుంచీ మనవరాలి చెయ్యే చూశారు. చల్లటి ఇంజన్ తిప్పుతుంటే ఆ చెయ్యి బుడిపెని లోపలికి తొయ్యడం, అవసరం లేనప్పుడు బయటికి లాగడం. ఇంత తెలివైన పిల్ల ఇంత తప్పు పని చేస్తోందంటే మతలబు ఒకటే అని తేల్చుకుని, గుట్టుగా కూర్చున్నారు.

ఆవిడ మొహం కందిపోయింది. "తాతయ్యా, నేనేం కావాలని చేయలేదు," అని ఆయనకి వినపడదని గుర్తొచ్చి నా మీద పడింది. "తియ్యమని అన్నది మీరు. తియ్యమంటే తీశాను."

"తీస్తే బుడిపె బయటికి రావాలి కదా?"

"తీస్తే రేకు తెరుచుకోవాలి కదా? తియ్యడమంటే తెరవడం, తలుపు తీసినట్టు. మూయమంటే రేకు మూయడం. మా ఇంట్లో ఎప్పుడూ ఇంతే. ఆయన తిప్పేవాడు, నేను మూసేదాన్ని."

"మా షెడ్డులో తియ్యడమంటే బుడిపె బయటికి లాగడం. మూయడమంటే లోపలికి తొయ్యడం."

బుడిపె బయటికి తీస్తే రేకు మూసుకుంటుంది. బుడిపె మూస్తే రేకు తెరుచుకుంటుంది. నేను చేతిలో ఉన్నదాని గురించి మాట్లాడాను, ఆవిడ లోపల జరిగేదాని గురించి మాట్లాడింది. రోజులతరబడి ఒకే భాషలో ఒకరికొకరు చెవిటివాళ్ళమై, అసలు చెవిటాయన ముందు అరుచుకున్నాం. కార్బ్యురేటర్‌కి క్షమాపణ చెప్పాలనిపించింది.

ఆవిడ బుడిపె లాగింది, నేను తిప్పాను. అర చుట్టు. అంతే, ఇంజన్ అందుకుంది. తాతగారు కర్ర వదిలేసి బానెట్ మీద అరచెయ్యి పెట్టారు. కళ్ళు మూసుకున్నారు. ఆయన వింటున్నది మమ్మల్ని కాదు.

ఇంకా వీధి చివరిదాకా వెళ్ళి రావాలి. తాతగారు ఆవిడ పక్కన కూర్చున్నారు. నన్ను వెనక సీట్లో, హ్యాండిల్‌తో సహా పడేశారు. గేటు దాటాం. వీధి చివర మలుపు తిరుగుతుంటే ఎవడో స్కూటరువాడు అడ్డొచ్చాడు. ఆవిడ బ్రేకు తొక్కింది. ఇంకా వేడెక్కని ఇంజన్ ఠక్కున ఆగిపోయింది. వెనక్కి చూస్తే, గేటు దగ్గర నిలబడ్డ మేనేజరు అంత దూరం నుంచి కూడా టేపు తీయడం కనిపించింది.

దిగి ముందుకెళ్ళాను. ఈసారి ఏ పొరపాటూ జరగకూడదని మాట జాగ్రత్తగా ఎంచుకున్నాను.

"చోక్ మూయండి."

"మూశాను."

తిప్పాను. లేదు. మళ్ళీ తిప్పాను. లేదు. వెళ్ళి కిటికీలోకి వంగి చూశాను. బుడిపె లోపల ఉంది.

"మూయమన్నాను కదా?"

"మూశాను కదా. మీ షెడ్డు మూయడం. లోపలికి తోశాను."

"నేను మీ ఇంటి మూయడం అన్నాను."

ఇంత తెలివితక్కువ మనుషులు ఈ వీధిలో ఇద్దరే ఉంటారు, ఇద్దరూ ఈ కారు దగ్గరే ఉన్నారు.

"నువ్వెందుకు మార్చుకున్నావు మాట?" అంది. మీరు కాస్తా నువ్వు అయిపోయిందని తనకే తెలియలేదు.

"నీ మాట వినాలనిపించింది. ఇవాళ్టికే కాదు. ఎప్పటికీ వినాలని ఉంది. తిట్లతో సహా."

"కుదరదు. నేను నీ మాటకి మారిపోయాను. ఇద్దరం ఇలా ఒకరికోసం ఒకరం మారుతూ కూర్చుంటే ఈ కారు జన్మలో స్టార్ట్ అవదు."

కళ్ళలో నీళ్ళు, పెదవి మీద వెటకారం. ఆ రెండూ ఒకేసారి ఆ మొహానికి ఎంత నప్పాయో చెప్పలేను. నేను కిటికీ దగ్గరనుంచి కదల్లేకపోయాను.

పక్కసీట్లోంచి ఒక ముసలి చెయ్యి మా ఇద్దరి మధ్యకి చాచుకుని వచ్చింది. తాతగారు బుడిపెని తనే బయటికి లాగారు. తర్వాత నా వైపు తిరిగి, వెళ్ళి తిప్పవయ్యా అన్నట్టు కర్రతో బానెట్ చూపించారు.

తిప్పాను. అందుకుంది.

కారు తిరిగొచ్చేసరికి మేనేజరు టేపు జేబులో పెట్టుకుని వెళ్ళిపోతున్నాడు. వాళ్ళ నాన్న గేటు పూర్తిగా తెరిచి పట్టుకుని, అక్కడ అంతసేపు ఏం చేశారని అడిగాడు. ఆవిడ స్టీరింగ్ వైపు చూసింది. నేను హ్యాండిల్ వైపు చూశాను. తాతగారు దిగి, వీధి మొత్తానికి వినపడేలా చెప్పారు.

"వీళ్ళిద్దరికీ మాట కుదిరిందిరా."

"ఏం మాట?" అన్నాడు వాళ్ళ నాన్న.

తాతగారు అప్పటికే బానెట్ మీద అరచెయ్యి పెట్టేశారు. ఆయనకి ఆ ప్రశ్న వినపడలేదు.